ఓడుతున్న కోచ్‌కి ఇంకో ఏడాది ఇవ్వాలా?

నవంబరు వచ్చిందంటే అమెరికాలోని చాలా యూనివర్సిటీల్లో ఒకటే చర్చ: ఫుట్‌బాల్ కోచ్‌ని ఉంచాలా, పంపించేయాలా? ఫుట్‌బాల్ అంటే ఇక్కడ హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికన్ ఆట. రెగ్యులర్ సీజన్‌లో ఒక్కో జట్టుకు పన్నెండు మ్యాచ్‌లే ఉంటాయి. ఆరు గెలిస్తే పరువు దక్కి, సీజన్ చివర జరిగే ఏదో ఒక బౌల్ మ్యాచ్‌కి అర్హత వస్తుంది. నాలుగు దగ్గర ఆగిపోతే మాత్రం మాజీ విద్యార్థుల నుంచి విరాళాలిచ్చే పెద్దమనుషుల దాకా అందరి నోటా కోచ్ పేరే. బ్లాక్స్‌బర్గ్‌లోనో కాలేజ్ స్టేషన్‌లోనో ఎం.ఎస్. చేయడానికి వెళ్లిన తెలుగు పిల్లలు ఈ గోలేమిటో మొదటి సెమిస్టర్‌లో అర్థం కాక జుట్టు పీక్కుంటారు. రెండో ఏడాదికి వాళ్లే స్టేడియంలో గొంతు పోయేలా అరుస్తుంటారు.

ఓపిక పట్టమనేవాళ్లు ఒక పేరు చెబుతారు, వర్జీనియా టెక్ పాత కోచ్ ఫ్రాంక్ బీమర్. పంపించేయమనేవాళ్లు ఇంకో పేరు చెబుతారు, నెబ్రాస్కా పాత కోచ్ స్కాట్ ఫ్రాస్ట్. రెండూ నిజంగా జరిగినవే. కాకపోతే రెండు వర్గాలూ తమకు కావాల్సిన ముక్క వరకే చెప్పి ఊరుకుంటాయి. ఎన్నేళ్లు ఆగారు, ఎన్ని మ్యాచ్‌లు పోయాయి అన్న లెక్కల్లో అసలు విషయం తప్పిపోతుంది. జట్టు ఎందుకు ఓడుతోంది, ఆ ఓటమికి కారణమైన పని ఎవరి చేతిలో ఉంది, వచ్చే ఏడాది అది ఎవరి చేతిలో ఉండబోతోంది? ఈ మూడింటికి జవాబు దొరికితే ఓపిక సంగతి చాలావరకు దానంతటదే తేలిపోతుంది.

ఫ్రాస్ట్ కథే ముందు చూద్దాం, నేర్చుకోవడానికి అందులోనే ఎక్కువ ఉంది. అతను నెబ్రాస్కా బిడ్డ. 1997లో ఆ యూనివర్సిటీ జాతీయ టైటిల్ పంచుకున్నప్పుడు క్వార్టర్‌బ్యాక్ (ఎటాక్‌ని నడిపించే ఆటగాడు) అతనే. 2017లో సెంట్రల్ ఫ్లోరిడా జట్టుని 13–0తో, అంటే 13 గెలుపులు, సున్నా ఓటములతో నడిపించి పేరు తెచ్చుకున్నాడు. ఆ ఏడాది చివర్లో సొంతూరివాడు కోచ్‌గా తిరిగొచ్చాడని, నెబ్రాస్కా యూనివర్సిటీ ఉన్న లింకన్ నగరం పండగ చేసుకుంది. 2018 నుంచి వరసగా 4–8, 5–7, 3–5, 3–9.

2021లో వచ్చిన ఆ 3–9 మామూలు 3–9 కాదు. తొమ్మిది ఓటముల్లో ఒక్కదాంట్లో కూడా తేడా తొమ్మిది పాయింట్లు దాటలేదు. మిషిగన్ మీద మూడు పాయింట్లతో, ఒహాయో స్టేట్ మీద తొమ్మిదితో పోయాయి. సీజన్ మొత్తం మీద నెబ్రాస్కా ఇచ్చిన పాయింట్ల కంటే చేసినవి 63 ఎక్కువ. ఈ అంకె పట్టుకునే చాలామంది "జట్టు బాగానే ఉంది, అదృష్టమే లేదు, ఇంకో ఏడాది ఇవ్వండి" అన్నారు. చూడ్డానికి బలమైన వాదనే. ఆ 63ని కొంచెం విప్పి చూస్తే సంగతి వేరు. గెలిచిన మూడు మ్యాచ్‌లు ఫోర్డమ్ మీద 52–7, బఫెలో మీద 28–3, నార్త్‌వెస్టర్న్ మీద 56–7. ఈ మూడింటిలోనే 119 పాయింట్ల ఆధిక్యం. మిగతా తొమ్మిదింట్లో కలిపి 56 పాయింట్లు వెనక. అంటే బలహీనులను చితక్కొట్టిన మార్కులతో గట్టి జట్ల దగ్గర తప్పిన మార్కులను కప్పిపుచ్చినట్టయింది.

అదృష్టం మాటకొస్తే, ఎనిమిది పాయింట్లలోపు తేడాతో ముగిసే మ్యాచ్‌లు చాలావరకు బొమ్మా బొరుసా లాంటివే. ఒక ఏడాది పోయినవి మరుసటి ఏడాది వస్తాయి. ఫ్రాస్ట్ మొత్తం హయాంలో అలాంటివి 5 గెలిచి 22 ఓడాడు. నాణేన్ని 27 సార్లు ఎగరేస్తే బొమ్మ 5 లేదా అంతకన్నా తక్కువ సార్లు పడే అవకాశం దాదాపు 1300లో ఒకటి. ఒక్క ఏడాదిలో జరిగితే దురదృష్టం అని సరిపెట్టుకోవచ్చు, అయిదేళ్లు సాగితే ఆ పేరు చెల్లదు. చివరి క్వార్టర్‌లో ఎప్పుడు ఏం చేయాలి, టైమ్‌అవుట్ ఎప్పుడు వాడాలి, పంట్లూ కిక్కులూ (బంతిని కాలితో తన్నే ఆటలు) ఎలా ఆడాలి అన్న చోట్లే జట్టు ఎక్కువగా తప్పటడుగు వేసింది. ఇవన్నీ హెడ్ కోచ్ నేరుగా తలపెట్టే పనులు.

2021 నవంబరులో యూనివర్సిటీ క్రీడా విభాగానికి పెద్ద అయిన అథ్లెటిక్ డైరెక్టర్ ట్రెవ్ ఆల్బర్ట్స్ అతన్ని ఉంచాడు, అయితే షరతులతో. జీతం 50 లక్షల డాలర్ల నుంచి 40 లక్షలకు తగ్గింది. నలుగురు అసిస్టెంట్లు ఇంటికెళ్లారు. ఎటాక్‌లో ఏ ప్లే (ఎత్తుగడ) ఆడాలో చెప్పే బాధ్యత కొత్తగా వచ్చిన మార్క్ విపుల్ చేతికి వెళ్లింది. కాగితం మీద ఇంతకంటే పద్ధతైన ఓపిక ఉండదు.

2022 ఆగస్టు 27న డబ్లిన్‌లో కొత్త సీజన్ మొదలైంది. నార్త్‌వెస్టర్న్ మీద మూడో క్వార్టర్‌లో నెబ్రాస్కా 28–17తో ముందుంది. అప్పుడే టచ్‌డౌన్ (బంతిని ఎదుటి జట్టు చివరి గీత దాటించడం) చేసి ఊపు మీదుంది. అలాంటప్పుడు ఎవరైనా బంతిని దూరంగా తన్ని, ఎదుటి జట్టు వాళ్ల చివర నుంచే మొదలుపెట్టేలా చేస్తారు. ఫ్రాస్ట్ ఆన్‌సైడ్ కిక్ ఆడించాడు. బంతిని దగ్గర్లోనే తన్ని, పది గజాలు దాటగానే మళ్లీ తామే దొరకబుచ్చుకోవాలని చూడటం. వెనకబడ్డ జట్టు టైమ్ అయిపోతుంటే గత్యంతరం లేక వేసే ఎత్తు అది. బంతి నార్త్‌వెస్టర్న్‌కి చిక్కింది. సగం మైదానమే మిగిలింది కాబట్టి వాళ్లు వెంటనే టచ్‌డౌన్ కొట్టారు, చివరికి 31–28తో గెలిచారు. ఆ నిర్ణయం తనదేనని ఫ్రాస్ట్ దాచకుండా చెప్పాడు. నలుగురు అసిస్టెంట్లను మార్చినా, ప్లేలు చెప్పే మనిషిని మార్చినా, జబ్బు ఉన్న చోటు మాత్రం అలాగే ఉండిపోయిందని ఆ ఒక్క కిక్‌తో బయటపడింది.

రెండు వారాల తర్వాత సొంత మైదానంలో జార్జియా సదరన్ చేతిలో 45–42తో ఓటమి. మరునాడే ఫ్రాస్ట్‌ని తీసేశారు. అక్టోబరు 1 దాకా ఆగితే అతనికివ్వాల్సిన పరిహారం దాదాపు కోటిన్నర డాలర్ల నుంచి 75 లక్షలకు పడిపోయేది. ఇరవై రోజులు కూడా ఆగలేక సగం సొమ్ము అదనంగా ఇచ్చి సాగనంపారన్నమాట. అతనికి నవంబరులో ఏడాది టైమ్ ఇచ్చారు, సెప్టెంబరుకి అది మూడు మ్యాచ్‌లకు కుదించుకుపోయింది.

ఇక బీమర్. 1987లో వర్జీనియా టెక్‌కి వచ్చాడు. అంతకు ముందు కోచ్ హయాంలో జరిగిన ఉల్లంఘనలకు కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ శిక్ష వేసింది, స్కాలర్‌షిప్‌లకు కోత పడింది. కొత్తవాడికి చేతులు కట్టేసి ఈత కొట్టమన్నట్టే. మొదటి ఏడాది 2–9, రెండో ఏడాది 3–8. తర్వాత కాస్త తేరుకుని, 1992లో మళ్లీ 2–8–1. ఆరేళ్లలో 24 గెలుపులు, 40 ఓటములు, 2 డ్రాలు. ఇవాళ్టి రోజుల్లో ఏ కోచ్ అయినా ఈ లెక్కతో ఏడో ఏడాది చూడగలడా? అథ్లెటిక్ డైరెక్టర్ డేవ్ బ్రెయిన్ మాత్రం ఉంచాడు. 1993లో 9–3, బౌల్ మ్యాచ్‌లో గెలుపు. అక్కణ్నుంచి 2015లో రిటైరయ్యేదాకా వరసగా 23 ఏళ్లు బౌల్ మ్యాచ్ తప్పలేదు. 1999లో మైకేల్ విక్ క్వార్టర్‌బ్యాక్‌గా జాతీయ టైటిల్ పోరు దాకా వెళ్లి ఫ్లోరిడా స్టేట్ చేతిలో ఓడారు.

ఈ కథని ఓపికకి ఫలం అని చెప్పుకోవడం మామూలే. అది సగమే నిజం. 1992 జట్టు చిత్తుగా ఓడిన జట్టు కాదు. రట్గర్స్ చేతిలో ఆఖరి ప్లేలో 50–49తో ఓడింది. స్కాలర్‌షిప్‌ల కోత తాలూకు దెబ్బ మానుతోంది, 1991లో బిగ్ ఈస్ట్ కాన్ఫరెన్స్ అనే లీగ్‌లో చోటు దొరకడంతో మంచి ఆటగాళ్లను పిలవడానికి ఒక ఆకర్షణ వచ్చింది. అన్నిటికీ మించి, ఆ సీజన్ అయ్యాక బీమర్ తన అసిస్టెంట్లలో కొందరిని మార్చాడు, డిఫెన్స్‌ని కొత్త చేతికి ఇచ్చాడు. ఫ్రాస్ట్ కూడా మనుషుల్ని మార్చాడు కదా అనొచ్చు. తేడా ఏమిటంటే 50–49తో ఓడిన జట్టుకి డిఫెన్స్‌లోనే లోపం ఉంది, మార్పు కూడా అక్కడే జరిగింది.

ఇదే ఇంకా తేటగా కనబడేది మిషిగన్‌లో. జిమ్ హార్బా జట్టు 2020లో 2–4. కోవిడ్ ఏడాది అని వదిలేయొచ్చు. కానీ అంతకు ముందు రెండేళ్లూ బద్ధశత్రువు ఒహాయో స్టేట్ చేతిలో 62, 56 పాయింట్లు సమర్పించుకున్నారు. లోపం ఎక్కడుందో స్కోర్‌బోర్డే చెప్పింది. డిఫెన్స్ కోచ్‌ని పంపించేశారు. ఆ స్థానంలో ప్రొఫెషనల్ జట్టు బాల్టిమోర్ రేవెన్స్ నుంచి మైక్ మెక్‌డొనాల్డ్ వచ్చాడు. హార్బా జీతం దాదాపు సగానికి తెగింది, తీసేస్తే ఇవ్వాల్సిన పరిహారం కూడా 40 లక్షల డాలర్లకు దిగింది. అంటే యూనివర్సిటీ ఓపిక పట్టింది గానీ మెడ తాడుకి ఇవ్వలేదు. తప్పు జరిగితే తక్కువలో బయటపడే దారి అట్టిపెట్టుకుంది. 2021లో ఒహాయో స్టేట్ మీద 42–27తో గెలుపు, 2023లో 15–0తో జాతీయ టైటిల్. (ఆ మధ్యలోనే ఎదుటి జట్ల సైగలు దొంగచాటుగా చదివారన్న వివాదం రేగింది, శిక్షలూ పడ్డాయి. కాబట్టి మిషిగన్ కథని పూర్తిగా నీతికథలా చెప్పుకోవడానికి లేదు.)

ఫ్లోరిడాలో దీనికి పూర్తిగా ఎదురు జరిగింది. బిల్లీ నేపియర్ ప్లేలు తనే చెప్పేవాడు. ఎటాక్ నత్తనడక నడుస్తోందని ఎంతమంది మొత్తుకున్నా ఆ పని వదల్లేదు. 2024 నవంబరు తొలివారంలో, జట్టు 4–4 మీద ఉండగా, అథ్లెటిక్ డైరెక్టర్ స్కాట్ స్ట్రిక్‌లిన్ అతన్ని ఉంచుతున్నామని బహిరంగంగా ప్రకటించాడు. తర్వాతి మ్యాచ్‌లో టెక్సస్ 49–17తో ఉతికేసింది. కానీ ఆపైన ఎల్‌ఎస్‌యూ, ఓల్ మిస్, ఫ్లోరిడా స్టేట్, టులేన్ మీద వరసగా నాలుగు గెలుపులు, 8–5తో ముగింపు. ఓపిక పట్టినవాళ్లు కాలరెగరేసుకున్నారు.

ఆ నాలుగు గెలుపులే కొంప ముంచాయని అనుకోవాలి. ఏం బాగుపడిందని అడిగేవాళ్లు లేకపోయారు. కుర్ర క్వార్టర్‌బ్యాక్ డీజే లాగ్‌వే చేతిలో బంతి ఉన్నంతసేపు ఏదో అద్భుతం జరిగేది, ఆ అద్భుతాన్ని పద్ధతి అనుకున్నారు. 2025లో రెండో మ్యాచ్‌లోనే సొంతగడ్డ మీద సౌత్ ఫ్లోరిడా 18–16తో ఓడించింది. ఆ తర్వాతి వారం ఎల్‌ఎస్‌యూ మీద లాగ్‌వే అయిదు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు, అంటే అయిదుసార్లు అతను విసిరిన బంతిని ఎదుటి జట్టు పట్టేసుకుంది. ప్లేలు చెప్పేది అప్పటికీ నేపియరే. అక్టోబరు 19న, మిసిసిపీ స్టేట్ మీద గెలిచిన మరునాడే, అతన్ని తీసేశారు. ఫ్లోరిడాలో అతని మొత్తం లెక్క 22–23.

కోచ్‌ని మార్చేస్తే బాగుపడుతుందా అన్నదాని మీద ఒక అధ్యయనం తరచూ ప్రస్తావనకొస్తుంది. కొలరాడో యూనివర్సిటీకి చెందిన స్కాట్ ఆడ్లర్, మరో ఇద్దరు రాజనీతి శాస్త్రవేత్తలు 1997 నుంచి 2010 దాకా జట్ల ఫలితాలు తీసుకుని, కోచ్‌ని మార్చినవాళ్లని, అదే స్థితిలో ఉండి మార్చనివాళ్లతో పోల్చారు. మరీ అడుగున ఉన్న జట్లకు మార్పు వల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు. మధ్యరకం జట్లకైతే తర్వాతి ఏళ్లలో నష్టమే జరిగింది. నెబ్రాస్కా చరిత్రే దీనికి సాక్ష్యం. 2003లో 9–3 మీదున్న ఫ్రాంక్ సోలిచ్‌ని తీసేశారు, 2014లో 9–3 మీదున్న బో పెలినీనీ తీసేశారు. ఆ తర్వాత వచ్చినవాళ్లు 9 గెలుపుల కోసం ఎంత పాకులాడారో ఊరందరికీ తెలుసు.

అయితే ఆ అధ్యయనం నాటి ఆట వేరు, ఇప్పటి ఆట వేరు. అప్పట్లో కొత్త కోచ్ హైస్కూల్ కుర్రాళ్లను పోగేసి, తిండిపెట్టి, కండపట్టించి, మూడో ఏడాదికో నాలుగో ఏడాదికో జట్టు తయారు చేసుకునేవాడు. "తన పిల్లలు పెద్దవాళ్లు అయ్యేదాకా ఆగాలి" అన్న మాటలో న్యాయం ఉండేది. 2021 నుంచి ఆటగాడు ఒక యూనివర్సిటీ నుంచి ఇంకోదానికి మారితే ఏడాది కూర్చోవాల్సిన పని లేకుండా పోయింది, అదే ఏడాది జులై నుంచి ప్రకటనల్లాంటివాటికి తమ పేరు, ముఖం ఇచ్చి సంపాదించే హక్కు వచ్చింది. 2025 జులై నుంచి యూనివర్సిటీలే ఏడాదికి 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా ఆటగాళ్లకు నేరుగా పంచుకోవచ్చు. యూనివర్సిటీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ తెరిస్తే ఒక్క చలికాలంలో సగం జట్టు మారిపోతుంది.

ఇండియానా దీన్ని ఎవరూ కాదనలేనంతగా నిరూపించింది. 2023లో 3–9తో ముగించి టామ్ ఆలెన్‌ని పంపించారు. కర్ట్ సిగ్నెటీ వచ్చాడు, వెంట జేమ్స్ మాడిసన్ నుంచి డజనుకు పైగా ఆటగాళ్లను తెచ్చుకున్నాడు. 2024లో 11 గెలుపులు, జాతీయ టైటిల్ తేల్చే ప్లేఆఫ్‌లో చోటు. 2025లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా జాతీయ టైటిల్. ఓటముల లెక్కలో దేశంలోనే పేరుమోసిన యూనివర్సిటీ అది. ఇక ఏ కోచ్ అయినా "నాకింకా మూడేళ్లు కావాలి" అంటే, రెండేళ్లలో అక్కడ ఏం జరిగిందో చూడమంటారు.

ఈ పోలిక పూర్తిగా న్యాయమైంది కాదు. సిగ్నెటీలాంటివాడు సంతలో దొరకడు, ప్రతి ఏడాదీ కోచ్‌ని మార్చిన చాలా యూనివర్సిటీలకు దొరికేది మామూలు మనిషే. పైగా పోర్టల్ రెండు వైపులా తెరుచుకునే తలుపు. కోచ్‌ని తీసేస్తే ఆటగాళ్లు వెళ్లిపోవడానికి నిబంధనల్లోనే ప్రత్యేక గడువుంది. నచ్చిన కోచ్ పోయాడని మంచి ఆటగాళ్లు సర్దేసుకుంటే కొత్తవాడికి మిగిలేది ఖాళీ లాకర్ రూమే. అయినా ఒక్కటి ఖాయం. పోర్టల్ ఉన్న కాలంలో మూడో ఏడాది కూడా ఆటగాళ్ల కొరత అని సాకు చెప్పే కోచ్‌కి ఓపిక పట్టడానికి కారణం కనబడదు. ఆటగాళ్లున్నా ఆట కుదరట్లేదంటే, దానికి వేరే జవాబు వెతకాలి.

వర్జీనియా టెక్ కూడా మారిపోయింది. బీమర్ కోసం ఆరేళ్లు ఆగిన ఆ యూనివర్సిటీయే 2025 సెప్టెంబరులో బ్రెంట్ ప్రైని మూడు మ్యాచ్‌ల తర్వాత, 0–3 మీద, నాలుగో సీజన్ మధ్యలో పంపించేసింది.

ఇక అందరూ గుసగుసగా మాట్లాడుకునే డబ్బు సంగతి. ఈ మధ్య ఓపిక అని పైకి చెప్పేది చాలాసార్లు బయౌట్ భయమే. కాంట్రాక్టు మధ్యలో తీసేస్తే కోచ్‌కి కట్టాల్సిన సొమ్మది. 2023 నవంబరులో టెక్సస్ ఎ అండ్ ఎం జింబో ఫిషర్‌ని తీసేసినప్పుడు అది 7 కోట్ల 60 లక్షల డాలర్ల పైమాట, అప్పటి రేటుతో మన లెక్కలో 630 కోట్ల రూపాయలు. అతను వేరే ఉద్యోగం చూసుకున్నా ఒక్క డాలర్ తగ్గదు, కాంట్రాక్టులో అలా రాసుకున్నారు. 2025 అక్టోబరులో పెన్ స్టేట్ నుంచి జేమ్స్ ఫ్రాంక్లిన్ వెళ్లినప్పుడు పరిహారం దాదాపు 5 కోట్ల డాలర్లు. కానీ అతను కొత్త ఉద్యోగం వెతుక్కోవాలన్న షరతు ఉంది, నెల తిరిగేసరికి వర్జీనియా టెక్‌లో చేరాడు, పెన్ స్టేట్ బిల్లు 90 లక్షలకు దిగొచ్చింది. ఒక్క షరతు ఉండటం, లేకపోవడం మధ్య తేడా కోట్ల డాలర్లు.

ఫ్లోరిడా స్టేట్‌లో మైక్ నార్వెల్ సంగతీ ఈ ముడిలోనే చిక్కుకుంది. మొదటి రెండేళ్లు 3–6, 5–7. ఓపిక పట్టారు, 2022లో 10–3, 2023లో 13–1 వచ్చాయి. 2024 జనవరిలో నిక్ సేబన్ రిటైరై అలబామా కోచ్ కుర్చీ ఖాళీ కాగానే, తమవాడు ఎక్కడ పోతాడోనని ఏడాదికి కోటి డాలర్లకు పైగా జీతంతో 2031 దాకా కొత్త కాంట్రాక్టు రాశారు. ఆ ఏడాదే 2–10. మరుసటి ఏడాది అలబామాని ఓడించి మొదలుపెట్టి, 5–7 దగ్గర తేలారు. 2025 నవంబరులో ఉంచుతున్నామని ప్రకటించారు. అప్పుడు తీసేస్తే 5 కోట్ల డాలర్లకు పైగా కట్టాల్సి వచ్చేది.

నార్వెల్‌ని ఉంచడం తప్పని అనలేం. ఒకసారి పాతాళం నుంచి 13–1 దాకా తెచ్చినవాడు. 2024 తర్వాత ప్లేలు చెప్పే పని గస్ మల్‌జాన్‌కి ఇచ్చి, జీతంలో కొంత యూనివర్సిటీకి వదులుకున్నాడు. కానీ 2023 జట్టు వెన్నెముక పోర్టల్‌లో ఏరి తెచ్చిన సీనియర్లే. వాళ్లంతా ఒకేసారి వెళ్లిపోయాక వాళ్ల చోట్లలోకి వచ్చినవాళ్లు ఆ స్థాయి వాళ్లు కాదు. అంటే లోపం శనివారం మధ్యాహ్నం ఆటలో కంటే చలికాలంలో ఎవరిని తేవాలో ఎంచుకునే దగ్గర ఎక్కువ ఉంది. ప్లేలు ఎవరు చెబుతున్నారన్నదాని కంటే, ఎవరిని తేవాలో ఇప్పుడు ఎవరు తేలుస్తున్నారు, ఆ పనిలో నార్వెల్ మాట ఎంతవరకు చెల్లుతోంది అన్నదే అక్కడి పాలకమండలి అడగాల్సిన ప్రశ్న. ఆ జవాబులో కొత్తదనం ఏమీ లేకపోతే 2026 నవంబరులోనూ ఇదే చర్చ వస్తుంది, కాకపోతే బయౌట్ అంకె కొంచెం చిన్నదవుతుంది.